రంగునీళ్ల ప్రొఫెసర్ ఆస్బోర్న్ రేనాల్డ్స్

ఇంటర్ ఫిజిక్సులో రేనాల్డ్స్ సంఖ్యను మేము రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టాం. పీజీలో ప్లాస్మా టార్చ్ పాఠం దగ్గర మళ్లీ ఆ పేరే ఎదురైంది. ఆ సంఖ్య వెనకున్న మనిషి గురించి హాస్టల్ తమ్ముళ్లకు చెప్పాలనిపించింది.

రేనాల్డ్స్ 1842 ఆగస్టు 23న ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. మనలా పేదింటి బిడ్డ కాదు. తండ్రి హెడ్మాస్టరు, లెక్కల్లో దిట్ట. అయినా ఆయన 1861లో ముందు ఓడలు తయారుచేసే ఒక వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరారు. ఐటీఐ తమ్ముళ్లు ఇది గమనించాలి. యంత్రం ఎందుకలా నడుస్తుందో తెలియాలంటే లెక్కలు రావాలని ఆ పనిలోనే తెలుసుకుని, కేంబ్రిడ్జిలో చేరి 1867లో పట్టా పొందారు. మరుసటేడే మాంచెస్టర్‌లోని ఓవెన్స్ కళాశాలలో ఇంజనీరింగ్ ప్రొఫెసర్ అయ్యారు. ఆయన పాఠాలు ఒక పట్టాన అర్థమయ్యేవి కావట! (ఇంగ్లీషు మీడియంలో మా మొదటి ఏడాది గుర్తొచ్చింది.) అయినా ఎలక్ట్రాన్‌ను కనుగొన్న జె.జె.థామ్సన్ ఆయన శిష్యుడే.

1883లో ప్రచురించిన ప్రయోగమే ఆయన పేరు నిలిపింది. 6 అడుగుల గాజు తొట్టిలో నీళ్లు పూర్తిగా తేరుకునేదాకా ఆగి, అందులోని గాజు గొట్టం గుండా నీటిని మెల్లగా వదిలారు. మధ్యలో సన్నని రంగుధార. వేగం తక్కువైతే ఆ ధార దారప్పోగులా తిన్నగా సాగింది. వేగం పెంచితే ఒకచోట ఉన్నట్టుండి చెదిరి గొట్టమంతా రంగైంది. వేగం ఒక్కటే దీన్ని తేల్చదు. వేగాన్ని, గొట్టం వ్యాసాన్ని, సాంద్రతను గుణించి స్నిగ్ధతతో భాగించాలి. గొట్టంలో అది సుమారు 2000 లోపుంటే ప్రవాహం నెమ్మదిగా, పొరలుపొరలుగా ఉంటుంది. 1908లో సోమర్‌ఫెల్డ్ దానికి ఆయన పేరు పెట్టారు. 1912 ఫిబ్రవరి 21న రేనాల్డ్స్ కన్నుమూశారు.

ఆయన ఎరుగని ప్లాస్మా టార్చ్‌లో ఒకదానిలో ఒకటిగా మూడు క్వార్ట్జ్ గొట్టాలుంటాయి. బయటి గొట్టంలోకి ఆర్గాన్ వాయువును పక్కవాటుగా పంపితే గోడ వెంబడి సుడి తిరుగుతూ క్వార్ట్జ్ కరగకుండా కాపాడుతుంది. వేల డిగ్రీల వేడిలో వాయువు అల్లకల్లోలమవుతుందనే మేము అనుకున్నాం. లెక్క వేస్తే తారుమారైంది. వేడికి వాయువు సాంద్రత పడిపోతుంది, స్నిగ్ధత పెరుగుతుంది. కనుక రేనాల్డ్స్ సంఖ్య తగ్గి, నడుమనున్న వేడి వాయువే నెమ్మదిగా పారుతుంది.

మేము చూసిన టార్చ్ ఆర్గాన్ సిలిండర్ లేక వెలగనే లేదు. కాగితం మీద లెక్కతో తృప్తి చాలక, హాస్టల్ కుళాయికి సెలైన్ పైపు తగిలించి, సిరంజితో సిరా వదిలాం. నాలుగోసారికి నీలిదారం తిన్నగా నిలబడింది. కుళాయి పూర్తిగా తిప్పగానే చెదిరింది. ఆ పైపు మా ట్రంకుపెట్టెలోనే ఉంది, ఆదివారం వస్తే చూపిస్తాం.