పోచంపల్లికి నడిచి వచ్చిన ఋషి

రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. పహాణీల్లో భూదానం అనే మాట చూసినప్పుడల్లా ఆచార్య వినోబా భావే గుర్తుకొచ్చేవారు. ఆ మహనీయుని జీవితాన్ని మన పెన్షనర్ మిత్రులతోను, వారి పిల్లలతోను నాలుగు మాటల్లో పంచుకుంటాను.

వినోబా 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని గాగోదె గ్రామంలో జన్మించారు. చిన్ననాడే బ్రహ్మచర్యం పాటించాలని నిశ్చయించుకున్నారు. తన సర్టిఫికెట్లను అగ్నికి ఆహుతి చేశారు. 1916లో పరీక్షకని బొంబాయి రైలెక్కి, సూరత్‌లో దిగి కాశీకి వెళ్ళిపోయారు. ఆ ఏడాదే జూన్ 7న అహమ్మదాబాదులో గాంధీజీని కలిశారు. హిమాలయాల్లో వెతకాలనుకున్న శాంతి ఆయనకు ఆశ్రమంలోని పాకీ పనిలో, రాట్నంలో, పొలం పనిలో దొరికింది. నూలు వడికితే వచ్చే కూలితోనే బతికి చూశారు. కూలివాని కష్టం ఆయనకు అలా తెలిసింది. 1932లో ధూలియా జైలులో తోటి ఖైదీలకు చేసిన గీతా ప్రవచనాలు తరువాత పుస్తకంగా వచ్చి ఎన్నో భాషల్లోకి వెళ్ళాయి. 1940లో వ్యక్తి సత్యాగ్రహానికి గాంధీజీ మొదట ఎంచుకున్నది ఆయననే.

వార్ధా దగ్గర ధామ్ నది ఒడ్డున పౌనార్ ఆశ్రమంలో 1950 ప్రాంతంలో ఆయన కాంచనముక్తి ప్రయోగం మొదలుపెట్టారు. అంటే డబ్బు ముట్టకుండా, తిండీ బట్టా తమ చేతులతోనే సంపాదించుకోవడం. ఎద్దులను కూడా కట్టకుండా పారతో నేల తవ్వే ఆ సేద్యానికి ఋషి వ్యవసాయం అని పేరు. నేల నుంచి అవసరమైనంతే తీసుకోవాలన్నదే అందులోని సారం. పర్యావరణం అనే మాట ఇంత వాడుకలోకి రాకముందే ఆయన దాన్ని బతికి చూపారు.

1951 మార్చిలో పౌనార్ నుంచి కాలినడకన బయలుదేరి, హైదరాబాదు దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనానికి వచ్చారు. అప్పటికి తెలంగాణలో సాయుధ పోరాటం సాగుతోంది. ఆ పల్లెల్లోకే నడిచారు. ఏప్రిల్ 18న పోచంపల్లిలో 40 హరిజన కుటుంబాలవారు 80 ఎకరాల భూమి కావాలని అడిగారు. గ్రామస్థులలో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అడగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా పుట్టింది. తెలంగాణలో 51 రోజులు నడిచేసరికి సుమారు 12,000 ఎకరాలు, తరువాత దేశమంతా పదమూడేళ్ళకు పైగా నడిచేసరికి 40 లక్షల ఎకరాలకు పైగా దానంగా వచ్చాయి.

అయితే రికార్డులతో పనిచేసినవాడిగా ఒక మాట చెప్పాలి. దానమైన భూముల్లో రాళ్ళగుట్టలూ ఉన్నాయి, తగాదా భూములూ ఉన్నాయి. చాలా భాగం పంపిణీయే కాలేదు. చేతిలో కాగితం ఉండి, కాలికింద చెలక లేని ముసలివాళ్ళను నేను చూశాను. దాత మనసు కరగడంతోనే పేదవాడికి భూమి రాదు; హద్దు కొలిచి, పేరు ఎక్కించి, స్వాధీనం ఇప్పించినప్పుడే వస్తుంది. అది మనవంటి ఉద్యోగుల వంతు. వినోబా నడక మిగిల్చిపోయిన పని ఇదే.

1982 నవంబరులో జబ్బుపడినప్పుడు ఆహారం, మందులు మాని 15వ తేదీన పౌనార్‌లో శరీరం చాలించారు. 1983లో మరణానంతరం భారతరత్న ఇచ్చారు. పోచంపల్లికి భూదాన్ పోచంపల్లి అన్న పేరు నిలిచింది. 2016 నుంచి అది యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది.

మిత్రులారా, మనుమలను పోచంపల్లి చీరల కోసం తీసుకువెళ్ళినప్పుడు ఈ కథ కూడా చెప్పండి. ఊరిలో భూదాన పట్టా పట్టుకుని తిరిగే పేదవాడు కనబడితే, ఒక అర్జీ రాసిపెట్టండి. ఆ పని మనకు వచ్చు.