వైను బప్పు

మనాలి కల్లట్ వైను బప్పు (ఆగష్టు 10, 1927 - ఆగష్టు 19, 1982) సుప్రసిద్ధ భారతీయ ఖగోళ శాస్త్రవేత్త. హైదరాబాదులో పెరిగి, అక్కడి నిజామియా వేధశాలలో ఆకాశ పరిశీలన నేర్చుకున్నాడు. నక్షత్రాల దూరాన్ని వాటి వర్ణపటం ద్వారా అంచనా వేసే విల్సన్-బప్పు ప్రభావాన్ని కనుగొన్న ఇద్దరిలో ఒకడు. స్వతంత్ర భారతదేశంలో ఖగోళ పరిశోధనా సంస్థల నిర్మాతగా కూడా ఈయన పేరుపొందాడు. విశ్వం అనంతమా, దానికి అంచు ఉన్నదా అనే ప్రాచీన ప్రశ్న తర్కం నుండి కొలతల పరిధిలోకి రావడానికి దోహదపడిన పరిశోధనలలో ఈయన కృషికి స్థానమున్నది.

బాల్యం, విద్యాభ్యాసం

వైను బప్పు మద్రాసులో ఒక మలయాళీ కుటుంబంలో జన్మించాడు. తల్లి సునన్న. తండ్రి మనాలి కుకుళి బప్పు హైదరాబాదులోని నిజామియా వేధశాలలో ఉద్యోగి. అందువలన ఈయన బాల్యం, చదువు హైదరాబాదులోనే సాగాయి.

నిజామియా వేధశాలను 1901లో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో నెలకొల్పాడు. ఆయన మరణానంతరం 1908లో అది నిజాం ప్రభుత్వ ఆధీనమై, తర్వాత బేగంపేటకు మారింది. 1919 నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిధిలో పనిచేసింది. ప్రపంచంలోని పలు వేధశాలలు ఆకాశాన్ని భాగాలుగా పంచుకొని ఛాయాచిత్రాలు తీసిన అంతర్జాతీయ నక్షత్ర పట్టిక పథకంలో హైదరాబాదుకు కూడా ఒక భాగం లభించింది. లక్షలాది నక్షత్రాల స్థానాలను ఇక్కడ కొలిచి, పన్నెండు సంపుటాలుగా ప్రచురించారు.

ఇంతటి పట్టిక కూడా నక్షత్రం ఏ దిక్కున ఉన్నదో, ఎంత కాంతితో కనబడుతున్నదో చెప్పగలదు గాని, ఎంత దూరాన ఉన్నదో చెప్పలేదు. అది లోతు లేని పటం వంటిది. బాలుడైన బప్పు ఇటువంటి పని నడుమ పెరిగాడు. నిజాం కళాశాలలో భౌతికశాస్త్రం చదువుతూనే కాంతిలో హెచ్చుతగ్గులు చూపే నక్షత్రాలను పరిశీలించి, విద్యార్థి దశలోనే వ్యాసాలు ప్రకటించాడు. మద్రాసు విశ్వవిద్యాలయం నుండి ఎం.ఎస్సీ. పట్టా పొందాడు.

హార్వర్డ్‌లో

1949లో హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. అప్పటి హార్వర్డ్ వేధశాల సంచాలకుడు హార్లో షాప్లీ. సూర్యుడు పాలపుంత కేంద్రంలో లేడని 1918 ప్రాంతంలో నిరూపించిన శాస్త్రవేత్త ఆయనే. అయితే పాలపుంతే సమస్త విశ్వమని ఆయన మొదట భావించాడు. 1920 దశకంలో ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడా దూరాన్ని కొలిచి, అది పాలపుంతకు వెలుపలి గెలాక్సీ అని తేల్చడంతో ఆ భావన వీగిపోయింది. ఒక్క దూరపు కొలత విశ్వపు హద్దులను ఎంతగా మార్చగలదో తెలిపే ఉదాహరణ ఇది.

హార్వర్డ్‌కు వెళ్లిన కొద్ది కాలానికే, 1949 జూలైలో, తాను తీసిన ఛాయాచిత్ర ఫలకంపై బప్పు ఒక కొత్త తోకచుక్కను గుర్తించాడు. ఆచార్యుడు బార్ట్ బాక్, సహ విద్యార్థి గార్డన్ న్యూకిర్క్ పేర్లతో కలిపి దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్క అని పేరు వచ్చింది. ఇందుకు పసిఫిక్ ఖగోళ సంఘం వారి డానహో పతకం లభించింది. 1952లో డాక్టరేట్ పొంది, కార్నెగీ ఫెలోషిప్‌తో మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలలకు వెళ్లాడు.

విల్సన్-బప్పు ప్రభావం

రాత్రివేళ దగ్గరగా ఉన్న చమురు దీపం, దూరంగా ఉన్న విద్యుద్దీపం కంటికి ఒకే కాంతితో కనబడవచ్చు. నక్షత్రాల విషయంలోనూ ఇదే చిక్కు. కాంతి దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. అంటే దూరం రెట్టింపైతే కాంతి నాలుగో వంతవుతుంది. కనుక నక్షత్రపు నిజ ప్రకాశం తెలిస్తే, కనబడే కాంతితో పోల్చి దూరాన్ని లెక్కకట్టవచ్చు. నిజ ప్రకాశాన్ని తెలుసుకోవడమే అసలు సమస్య.

సూర్యుని వంటి, అంతకంటె చల్లనైన నక్షత్రాల వర్ణపటంలో అయనీకృత కాల్షియం వలన 393 నానోమీటర్ల వద్ద ఒక గాఢమైన నల్లని రేఖ ఏర్పడుతుంది. దీనిని కె-రేఖ అంటారు. దాని నడుమ సన్నని కాంతిరేఖ కూడా ఉంటుంది. ఓలిన్ విల్సన్, బప్పు కలిసి 185 నక్షత్రాల వర్ణపటాలను పరిశీలించి, ఈ కాంతిరేఖ వెడల్పుకు, నక్షత్రపు నిజ ప్రకాశానికి నియతమైన సంబంధం ఉన్నదని కనుగొన్నారు. వెడల్పు రెట్టింపైతే నిజ ప్రకాశం సుమారు 64 రెట్లవుతుంది. మంద కాంతి గల నక్షత్రాల నుండి మహాతారల వరకు, దాదాపు పది లక్షల రెట్ల ప్రకాశ భేదంలో ఈ సూత్రం వర్తించింది. ఈ ఫలితాలు 1957లో వెలువడ్డాయి.

ఈ కొలబద్దకు పరిమితులున్నాయి. కె-రేఖను స్పష్టంగా నమోదు చేయగలిగినంత కాంతి నక్షత్రం నుండి అందాలి గనుక, ఇది ముఖ్యంగా పాలపుంతలోని నక్షత్రాలకే ఉపకరిస్తుంది. ఏ కొలబద్దనైనా ముందుగా తెలిసిన దూరాలతో సరిచూడాలి. 1989లో ప్రయోగించిన హిప్పార్కస్ ఉపగ్రహపు కొలతలతో ఈ సూత్రాన్ని తర్వాత మరింత సవరించారు.

విశ్వపు అంచు - దూరాల సోపానం

ఖగోళ దూరాలను మెట్లుమెట్లుగా కొలుస్తారు. భూమి సూర్యుని చుట్టూ తిరిగేటప్పుడు సమీప నక్షత్రాల స్థానంలో కనిపించే స్వల్ప మార్పు మొదటి మెట్టు. ఆపై సెఫీడ్ తారలు, ఇంకా పైన సూపర్‌నోవాలు, గెలాక్సీల అరుణ భ్రంశం వస్తాయి. క్రింది మెట్టులో దోషముంటే అది పైమెట్లన్నింటికీ సంక్రమిస్తుంది. అందుచేత ఒక పద్ధతిని మరొకదానితో సరిచూడడం అవసరం. విల్సన్-బప్పు ప్రభావం క్రింది మెట్లకు అటువంటి స్వతంత్ర సాధనమైంది.

ఈ సోపానం ద్వారా, ఇతర పరిశీలనల ద్వారా నేడు తెలిసినదేమంటే, విశ్వపు వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలు. ఇంత కాలంలో కాంతి మనను చేరగలిగిన ప్రాంతమే పరిశీలనకు అందుతుంది. విశ్వం విస్తరిస్తున్నందున ఆ ప్రాంతపు వ్యాసార్థం ఇప్పుడు సుమారు 4,600 కోట్ల కాంతి సంవత్సరాలు. ఇది మన చూపుకు హద్దే గాని విశ్వానికి గోడ కాదు. సముద్రంలో నావికునికి కనిపించే దిగంతం సముద్రపు అంచు కానట్లే దీనినీ అర్థం చేసుకోవాలి. ఆవల ఉన్నది అనంతమో కాదో తేలలేదు. ప్లాంక్ ఉపగ్రహపు ఫలితాలు అంతరిక్షపు వక్రత శూన్యానికి అతి సమీపంగా ఉన్నట్లు చూపాయి గాని, దానితో అనంతత్వం రుజువు కాదు. గోళపు ఉపరితలానికి అంచు లేకున్నా వైశాల్యం పరిమితమైనట్లు, విశ్వం కూడా అంచు లేకుండానే పరిమితమై ఉండవచ్చును.

భారతదేశంలో కృషి

1953లో స్వదేశానికి తిరిగి వచ్చిన బప్పు, ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వ వేధశాల బాధ్యత స్వీకరించి, దానిని నైనిటాల్‌లో నిలబెట్టాడు. 1960లో కొడైకెనాల్ వేధశాల సంచాలకుడయ్యాడు. అది ప్రధానంగా సూర్య పరిశోధనకు పేరుపొందిన సంస్థ. దూరపు నక్షత్రాలను, గెలాక్సీలను చూడడానికి నిర్మలమైన ఆకాశం గల మరొక స్థలం కావలసివచ్చింది. తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరును ఎంపిక చేసి, 1960 దశకం చివర కొడైకెనాల్‌లోనే తయారైన 38 సెం.మీ. దూరదర్శినితో పని ప్రారంభించాడు. 1972లో అక్కడ ఒక మీటరు దూరదర్శిని నెలకొన్నది. 1977లో యురేనస్ వలయాలను గుర్తించిన పరిశీలనలలో దీనికీ భాగముంది. 1971లో భారతీయ ఖగోళ భౌతిక సంస్థ స్వతంత్ర సంస్థగా ఏర్పడగా, బప్పు దాని వ్యవస్థాపక సంచాలకుడయ్యాడు.

హైదరాబాదుతో ఈయన అనుబంధం కొనసాగింది. తార్నాక, అంబర్‌పేట్ ప్రాంతాల నడుమనున్న ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఖగోళశాస్త్ర విభాగం కేంద్రంగా 1972లో భారత ఖగోళ సంఘం ఏర్పడింది. దాని స్థాపకులలో బప్పు ముఖ్యుడు.

పెద్ద దూరదర్శినిని విదేశాల నుండి కొనకుండా దేశంలోనే నిర్మించాలన్నది ఈయన సంకల్పం. 2.34 మీటర్ల దర్పణాన్ని బెంగళూరులోనే సానబట్టారు. పని పూర్తికాకముందే బప్పు మరణించాడు.

గౌరవాలు, మరణం

1970లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి, 1981లో పద్మభూషణ్ పురస్కారం లభించాయి. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. ఈ పదవి పొందిన మొదటి భారతీయుడు ఈయనే. 1982లో గ్రీసులోని పాట్రాస్‌లో ఆ సంఘ మహాసభ జరిగిన సమయంలోనే, జర్మనీలోని మ్యూనిక్‌లో గుండె శస్త్రచికిత్స అనంతరం ఆగష్టు 19న మరణించాడు. అప్పటికి వయస్సు 55 సంవత్సరాలు.

1986 జనవరి 6న అప్పటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ కావలూరు వేధశాలకు, అక్కడి 2.34 మీటర్ల దూరదర్శినికి వైను బప్పు పేరు పెట్టాడు. 2596 సంఖ్య గల గ్రహశకలానికి కూడా ఈయన పేరే ఉన్నది.