నవ్వుల రాజు చార్లీ చాప్లిన్ - ఆయనా హాస్టల్ పిల్లాడే!

బిగుతు కోటు, వదులు ప్యాంటు, కాలికి మించిన బూట్లు, నెత్తిమీద చిన్న టోపీ, చేతిలో బెత్తం, ముక్కు కింద చిటికెడు మీసం. ఈ బొమ్మ గీసి చూపిస్తే మూడో తరగతి తమ్ముళ్ళు కూడా టక్కున పేరు చెప్పేస్తారు. ఆయన మూకీ సినిమాలకి భాషతో పని లేదు. తెలుగు ఇంకా సరిగ్గా రాని పిల్లలు కూడా పొట్ట పట్టుకుని నవ్వుతారు. కానీ ఆ చార్లీ చాప్లిన్ కూడా మనలాగే అమ్మకి దూరంగా, బెల్లు కొడితే లేచి, వరసలో నిలబడి అన్నం తిన్నవాడేనని మనలో ఎంతమందికి తెలుసు? అందుకే ఈసారి గోడపత్రికకి ఆయన కథ రాస్తున్నాను.

చాప్లిన్ 1889 ఏప్రిల్ 16న ఇంగ్లాండులోని లండన్‌లో పుట్టాడు. తల్లి హన్నా, తండ్రి చార్లెస్, ఇద్దరూ స్టేజీల మీద పాటలు పాడేవాళ్ళు. తండ్రి తాగుడికి బానిసై వేరే వెళ్ళిపోయాడు. సిడ్నీ అని తల్లి వైపు అన్న ఒకడున్నాడు, చార్లీ కంటే నాలుగేళ్ళు పెద్ద. చార్లీకి ఐదేళ్ళప్పుడు ఆల్డర్‌షాట్ అనే ఊళ్ళో తల్లి పాడుతుంటే గొంతు పోయింది. జనం ఒకటే గోల. మేనేజరు ఏం చెయ్యాలో తోచక పిల్లాణ్ణి స్టేజి మీదికి తోశాడు. వాడు పాట ఎత్తుకోగానే చిల్లర డబ్బులు వచ్చి పడ్డాయి. పాట ఆపేసి, ముందు డబ్బులు ఏరుకుని తర్వాత పాడతానన్నాడట! జనం విరగబడి నవ్వారు. ఈ సంగతి ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. వాడు నవ్వించడానికి అలా అనలేదు. ఇంట్లో తిండికి నిజంగానే డబ్బు కావాలి. ఆయన సినిమాలు చూస్తే ఇదే గుర్తొస్తుంది నాకు.

తల్లి కుట్టుపని చేసి పిల్లల్ని సాకింది. వాయిదాలు కట్టలేక ఆ మిషను కూడా పోయింది. 1896లో ముగ్గురూ వర్క్‌హౌస్‌లో చేరారు. అది గతిలేనివాళ్ళకి పని చెప్పి తిండి పెట్టే సర్కారు ఇల్లు. అక్కడ తల్లి ఒక వైపు, పిల్లలు ఒక వైపు. కొద్దిరోజులకి అన్నదమ్ముల్ని లండన్ బయట హన్‌వెల్ అనే చోట అనాథ పిల్లల బడికి పంపారు. అప్పుడు చార్లీకి ఏడేళ్ళు.

హన్‌వెల్‌లో ఏడాదిన్నర ఉన్నాడు. సిడ్నీకి వంటగదిలో పని. వాడు ఎవరూ చూడకుండా రొట్టె కోసి మధ్యలో వెన్న ముద్ద పెట్టి తమ్ముడి చేతిలో పెట్టేవాడు. చార్లీ దాన్ని ఇంకో పిల్లాడితో పంచుకుని తినేవాడు. (మన వంటశాల అన్నలు ఇది చదివి నవ్వుకోవద్దు!) కొన్నాళ్ళకి సిడ్నీని ఓడ పనులు నేర్పే బడికి మార్చారు. చార్లీ ఒంటరివాడైపోయాడు. అక్కడ ప్రతి శుక్రవారం అందరి ముందూ బెత్తంతో శిక్షలు. మరుగుదొడ్డిలో ఎవరో నిప్పంటించారని చార్లీ మీద నేరం వచ్చింది. వాడు చెయ్యలేదు. అయినా అడిగేసరికి భయంతో ఒప్పేసుకుని మూడు దెబ్బలు తిన్నాడు. తర్వాత తలలో తామర వచ్చింది. గుండు గీసి, అయోడిన్ పూసి, విడిగా గదిలో ఉంచారు. తల్లి చూడ్డానికి వచ్చినప్పుడు ఆ అవతారం చూసి నవ్వేసి, దగ్గరికి తీసుకుంది.

1898లో మళ్ళీ వర్క్‌హౌస్ గతి పట్టింది. అప్పుడు తల్లి ఒక తమాషా చేసింది. వెళ్ళిపోతున్నామని కాగితం రాసిచ్చి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేసింది. సిడ్నీ దాచిన తొమ్మిది పెన్నీలతో చెర్రీ పళ్ళు కొన్నారు. పార్కు బెంచీ మీద కూర్చుని తిన్నారు. పేపరు ఉండచుట్టి దారం కట్టి బంతాట ఆడారు. సాయంత్రానికి మళ్ళీ వర్క్‌హౌస్ గేటు దగ్గరికి వచ్చి, చేర్చుకోండి అన్నారు! అధికారులకి ఒళ్ళు మండింది. చేర్చుకోక ఏం చేస్తారు? చాప్లిన్ సినిమాల్లో పోలీసుల్ని బురిడీ కొట్టించే తెలివి ఈ తల్లి దగ్గరే వచ్చిందని నా అనుమానం. ఆ ఏడే ఆమెకి మతి చలించి ఆస్పత్రిలో పెట్టారు. 1901లో తండ్రి 38 ఏళ్ళకే తాగుడు వల్ల చనిపోయాడు.

చార్లీ పేపర్లు అమ్మాడు, అచ్చాఫీసులో పనిచేశాడు, గాజు పనికి వెళ్ళాడు. 1903లో నాటకంలో వేషం దొరికింది కానీ చదువు సరిగ్గా రాదు. అక్కడే చదవమంటారేమోనని వణికిపోయాడు. అదృష్టం కొద్దీ పాఠం ఇంటికి ఇచ్చారు. సిడ్నీ చదివి వినిపిస్తుంటే మూడు రోజుల్లో కంఠతా పట్టాడు. 1908లో ఫ్రెడ్ కార్నో నాటక కంపెనీలో చేరి, దాంతోనే అమెరికా వెళ్ళాడు. 1914లో కీస్టోన్ కంపెనీలో వారానికి 150 డాలర్లకి సినిమాల్లో దిగాడు. మొదట చెప్పిన ఆ బికారి వేషం ఆ ఏడే పుట్టింది. రెండేళ్ళకి 1916లో ఆయన జీతం ఏడాదికి 6,70,000 డాలర్లు! 1919లో మరో ముగ్గురితో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ అనే సొంత సంస్థే పెట్టాడు.

1921లో 'ది కిడ్' వచ్చింది. అంతకు ముందే ఆయనకి పుట్టిన మొదటి బిడ్డ మూడు రోజులకే చనిపోయాడు. సినిమాలో బికారి ఒక దిక్కులేని పిల్లాణ్ణి పెంచుకుంటాడు. అనాథాశ్రమం వాళ్ళు బండి వేసుకొచ్చి పిల్లాణ్ణి లాక్కుపోతుంటే, ఇళ్ళ కప్పుల మీద పరిగెత్తి తెచ్చుకుంటాడు. హన్‌వెల్ సంగతి తెలిశాక చూస్తే ఆ పరుగు వేరేగా కనిపిస్తుంది. 1925 నాటి 'ది గోల్డ్ రష్'లో ఆకలికి బూటు ఉడకబెట్టి తింటాడు. మేకుల్ని ఎముకల్లా చప్పరిస్తాడు. ఆ బూటు అతిమధురం మిఠాయితో చేసింది లెండి.

1931లో ఆయన హన్‌వెల్ బడికి వెళ్ళాడు. పిల్లలు ఎగిరి గంతేశారు. మళ్ళీ వస్తానని, సినిమా ప్రొజెక్టరు తెస్తానని మాటిచ్చాడు. ఆ రోజు పిల్లలు ఎదురుచూశారు. ప్రొజెక్టరు వచ్చింది, అందరికీ కానుకలు వచ్చాయి, ఆయన రాలేదు. ఇది చదివి నాకు కోపం వచ్చింది. సెలవు రోజున గేటు వైపు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఆయనకి తెలీదా? తెలుసు కాబట్టే రెండోసారి ఆ గేటు దాటలేకపోయాడేమో అని ఒక సారు అన్నారు. నాకింకా సమాధానం పడలేదు.

అదే ఏడు సెప్టెంబరులో లండన్‌లో మన గాంధీజీని కలిశాడు. యంత్రాలంటే మీకెందుకు పడదని అడిగాడు. గాంధీజీ ఓపికగా వివరించారు. 1936లో 'మోడరన్ టైమ్స్' తీశాడు, అందులో మనిషి యంత్రం పళ్ళ మధ్య ఇరుక్కుంటాడు. 1940లో 'ది గ్రేట్ డిక్టేటర్' తీసి హిట్లర్‌నే ఎగతాళి చేశాడు. ఇద్దరూ ఒకే నెలలో నాలుగు రోజుల తేడాతో పుట్టినవాళ్ళు!

ఆయన చేసినవన్నీ మంచివే అనను. నాలుగు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు. మొదటి ఇద్దరు భార్యలూ పెళ్ళినాటికి పదహారేళ్ళ పిల్లలే. అది తప్పే.

1952లో ఓడ మీద ఇంగ్లాండుకి పోతుండగా, కమ్యూనిస్టు అనే అనుమానంతో అమెరికా ఆయన తిరిగి రావడానికి ఇచ్చిన అనుమతి రద్దు చేసింది. భార్య ఊనా, పిల్లలతో స్విట్జర్లాండులో స్థిరపడ్డాడు. ఇరవై ఏళ్ళకి 1972లో అదే అమెరికా పిలిచి ఆస్కార్ ఇచ్చింది. జనం లేచి నిలబడి చప్పట్లు ఆపలేదు. 1975లో ఇంగ్లాండు రాణి సర్ బిరుదు ఇచ్చింది. 1977లో క్రిస్మస్ నాడు నిద్రలోనే కన్నుమూశాడు.

అంతటితో అయిపోలేదు! 1978 మార్చిలో దొంగలు ఆయన శవపేటికను తవ్వి ఎత్తుకుపోయి డబ్బు అడిగారు. ఊనా ఇవ్వనంది. పోలీసులు ఇద్దర్ని పట్టుకున్నారు. పేటిక ఒక పొలంలో దొరికింది. ఈసారి పైన కాంక్రీటు పోసి మరీ పూడ్చారు.