సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన సుప్రసిద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు. 1950 నుండి మరణించే వరకు భారత జట్టును తీర్చిదిద్దాడు. క్రీడాలోకానికి రహీం సాబ్‌గా సుపరిచితుడు.

ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుడైన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకున్నది.

అలసటతో పోరు

ఆనాడు దేశంలో పోటీలు 70 నిమిషాలే జరిగేవి, అంతర్జాతీయ పోటీలు 90 నిమిషాలు. చివరి ఇరవై నిమిషాలలో మనవారి సత్తువ సన్నగిల్లేది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 పరాజయానికి చలి, వట్టికాళ్ళ ఆట కూడా తోడైనాయి. రహీం కనుగొన్న విరుగుడు సరళమైనది. బంతిని కాళ్ళ మధ్య ఉంచుకొని పరుగెత్తక, వెంటనే సహచరునికి అందించాలి. ఇందుకై డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలను ఆయన నిర్వహించాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగవ స్థానం పొందింది.

జకార్తా, 1962

ఆసియా క్రీడలలో పది రోజుల్లో ఐదు మ్యాచ్‌లు ఆడవలసి వచ్చింది. అలసినవారిని మార్చే నియమం అప్పుడు లేదు. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో నిలిపాడు. సాహసమే, కాని ఫలించింది. ఫైనల్లో పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరొక గోలు చేశారు. చివరి నిమిషాలలో దక్షిణ కొరియా ఒక గోలు చేసినా 2-1తో స్వర్ణం దక్కింది. ఊపిరితిత్తుల కాన్సర్‌తో రహీం తొమ్మిది నెలలకే మరణించాడు.

కుమారుడు

కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు, తరువాత ఫిఫా రిఫరీ. 1988 ఆసియా కప్పులో రిఫరీగా వ్యవహరించాడు. రిఫరీ ఒక్కో మ్యాచ్‌లో ఇంచుమించు 10 కిలోమీటర్లు తిరుగుతాడు. గాయపడితే తప్ప అతనికి బదులు మరొకరు రారు. కాళ్ళు తడబడి బంతికి దూరమైతే తీర్పు కూడా తడబడుతుంది. కనుక తండ్రి పోరాడిన అలసట కుమారునికీ తప్పలేదనాలి. హకీం 2021లో మరణించాడు.

రహీం జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చిత్రం 2024లో విడుదలైంది. రహీం పాత్రను అజయ్ దేవగణ్ పోషించాడు.