మార్గరెట్ స్టైఫ్

జర్మనీ దేశపు దక్షిణభాగమున గీంగెన్ అను చిన్న పట్టణము కలదు. ఆ పట్టణమున 1847 జూలై 24వ తేదీన మార్గరెట్ స్టైఫ్ జన్మించెను. ఆమె తండ్రి ఇండ్లు కట్టించు మేస్త్రి. నలుగురు బిడ్డలలో ఆమె మూడవది.

ఏడాదిన్నర ప్రాయమున ఆమెకు తీవ్రమైన జ్వరము వచ్చెను. జ్వరము తగ్గినది గాని, కాళ్లు రెండును చచ్చుపడెను, కుడిచేయి బలహీనమయ్యెను. అది పోలియో వ్యాధి. దానిని నివారించు టీకా 1955 వరకు లోకమునకు లభింపలేదు. తల్లిదండ్రులు బిడ్డను దూరప్రదేశములందలి వైద్యులయొద్దకు తీసికొనిపోయిరి. శస్త్రచికిత్స కూడ చేయించిరి. ఫలము లేకపోయెను. ఇతర పిల్లలు ఆమెను చిన్న బండిలో కూర్చుండబెట్టి బడికి లాగుకొనిపోయెడివారు.

మార్గరెట్ కుట్టుపని నేర్పు బడిలో చేరెను. కుడిచేయి లేవదు, సూది పట్టిన నొప్పి కలుగును. అయినను ఆమె పని మానలేదు. వ్యాధి నయమగునని ఎదురుచూచుచు కూర్చుండుట వ్యర్థమని గ్రహించి, ఉన్న శక్తితోనే బ్రతుకు తీర్చుకొనవలెనని నిశ్చయించుకొనెను. పదునేడేండ్లకు దర్జీపని పూర్తిగా నేర్చుకొనెను. జిథర్ అను తంత్రీవాద్యమును ఇతరులకు నేర్పి, ఆ ధనముతో కుట్టుమిషను సంపాదించెను. మిషను చక్రము కుడివైపున ఉండును; దానిని త్రిప్పుటకు ఆమె కుడిచేతిలో బలము లేదు. అందుచే ఆమె మిషనును వెనుకముందు చేసి పెట్టుకొని, ఎడమచేతితో చక్రము త్రిప్పుచు కుట్టెను.

ఉన్నిని తడిపి, అదిమి, నేయకుండ తయారుచేసిన దళసరి గుడ్డను ఫెల్టు అందురు. కత్తిరించినను దాని అంచున పోగులు ఊడవు. 1877లో మార్గరెట్ ఫెల్టు దుస్తుల అంగడి తెరచెను. 1879లో ఒక పత్రికలోని నమూనాను చూచి చిన్న ఏనుగును కుట్టెను. ఫెల్టును ఆకారమునకు సరిపడ కత్తిరించి, అంచులు కలిపి కుట్టి, లోపల గొఱ్ఱె ఉన్ని కూరెను. అది సూదులు గ్రుచ్చి ఉంచుకొనుటకు చేసిన మెత్త. కాని పిల్లలు దానిని ఆటబొమ్మగా చేసికొనిరి. ఆ కాలపు బొమ్మలు పెక్కు కొయ్యతోను, రేకుతోను, పింగాణితోను చేయబడినవి. పక్కలో పెట్టుకొని నిద్రించుటకు తగినవి కావు. పిల్లల మనస్సును గ్రహించిన మార్గరెట్ కోతి, గుఱ్ఱము, ఒంటె మొదలగు బొమ్మలను కూడ కుట్టసాగెను. తమ్ముడు ఫ్రిట్జ్ వానిని సంతలకు కొనిపోయి అమ్మెను. 1886లో అయిదువేలకు పైగా ఏనుగులు అమ్ముడుపోయెను. 1893లో ఆమె పేరనే బొమ్మల కర్మాగారము నమోదయ్యెను.

ఫ్రిట్జ్ కుమారుడు రిచర్డు చిత్రలేఖనమున నేర్పరి. అతడు జంతుప్రదర్శనశాలలోని ఎలుగుబంట్లను చూచి బొమ్మలు గీసెను. 1902లో మేకబొచ్చుతో నేసిన నూగుగుడ్డతో, కాళ్లుచేతులు కదలునట్టి ఎలుగుబంటిని రూపొందించెను. 1903లో లైప్‌జిగ్ సంతలో ఒక అమెరికా వర్తకుడు అట్టివి మూడువేలు కావలెనని కోరెను. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1902లో వేటకు వెళ్లి, కట్టివేసిన ఎలుగుబంటిని కాల్చుటకు నిరాకరించెను. అతని ముద్దుపేరు టెడ్డీ. అందుచే ఇట్టి బొమ్మలకు టెడ్డీ ఎలుగులను పేరు వచ్చెను. 1907లో గీంగెన్ కర్మాగారము 9,74,000 ఎలుగుబంట్లను తయారుచేసెను. కర్మాగారములోని పనివారేకాక, ఇండ్లయందే కుట్టు స్త్రీలు పెక్కుమంది దానివలన జీవనోపాధి పొందిరి. ఇతరులు అనుకరించుచుండుటచే, 1904 నుండి ప్రతి బొమ్మ చెవికి ఒక లోహపు బొత్తామును గుర్తుగా తగిలించిరి.

పిల్లల కిచ్చు వస్తువు అన్నిటికంటె మేలైనదిగా ఉండవలెనని మార్గరెట్ నియమము. ఆమె వివాహము చేసికొనలేదు. తోబుట్టువుల బిడ్డలనే తన బిడ్డలుగా చూచుకొనెను. 1909 మే 9వ తేదీన, అరువదియొకటవ యేట, ఊపిరితిత్తుల వ్యాధితో ఆమె మరణించెను.

వ్యాధి సోకిన పిదప ఆమె స్వయముగా నడువలేకపోయెను. కాని ఆమె ఎడమచేతి కష్టముతో పుట్టిన బొమ్మలు సముద్రములు దాటి, దేశదేశముల పిల్లల ఒడిలోనికి చేరినవి. లేనిదానికై విలపింపక, ఉన్నదానిని వినియోగించుకొనువారికి మార్గము దొరకకపోదు.