ఎర్ర గోలీ వెనుక భీమవరం కుర్రాడు: యల్లాప్రగడ సుబ్బారావు

వేములపల్లి, మిర్యాలగూడ, కోదాడ, ఎటు వెళ్లినా గర్భిణి ఉన్న ఇంట్లో సర్కారు దవాఖానా నుంచి తెచ్చిన ఎర్ర గోలీల షీటు కనిపిస్తుంది. ఐరన్ గోలీ అంటాం గానీ, అందులో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. దాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందాన్ని నడిపించింది మన తెలుగువాడే, యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పేద ఇల్లు, పెద్ద కుటుంబం. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. రిజల్ట్స్ వచ్చే రోజుల్లో మన ఇళ్లలో గుర్తు చేసుకోదగ్గ సంగతే ఇది. తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. గాంధీజీ పిలుపు విని ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు వేసుకెళ్లారు. తెల్ల ప్రొఫెసర్‌కు అది నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే కింది పట్టా ఎల్‌ఎంఎస్ చేతికొచ్చింది.

అంతకన్నా పెద్ద దెబ్బ ఇంట్లో తగిలింది. ఇద్దరు సోదరులు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. పేగులు తిండిని పీల్చుకోవు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి ఎండిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందు లేదు.

1920ల మొదట్లో భార్యను ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. చదువుకుంటూనే ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేశారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది 1925లో అచ్చయింది. ఒంట్లో శక్తికి ఆధారమైన ఏటీపీని గుర్తించినవారిలో కూడా వీళ్లిద్దరూ ఉన్నారు. అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం దొరకలేదు.

ఇక్కడ బొంబాయి సంగతి చెప్పుకోవాలి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరమ్మ అక్కడికొచ్చి గర్భిణుల రక్తహీనతను పరిశీలించారు. ఎక్కువ దెబ్బతిన్నది పేద ముస్లిం ఆడవాళ్లేనని, వాళ్ల తిండే అందరికంటే నాసిరకమని తేల్చారు. ఈస్ట్ సారం పెడితే వాళ్లు కోలుకున్నారు. అందులో ఏదో ఉంది, కానీ అదేమిటో తెలియలేదు.

1941లో టెక్సాస్ శాస్త్రవేత్తలు ఏకంగా నాలుగు టన్నుల పాలకూర మరిగించి, వడగట్టి, అలాంటి పదార్థమే పిసరంత తీశారు. ఆకులో దొరికింది కాబట్టి, లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు కాబట్టి, ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. మన పాలక్ గోష్త్‌లో, మేథీలో, శనగలు, పెసలు లాంటి గింజల్లో ఉండేదీ ఈ జాతి విటమినే. అయితే ఇది నీళ్లలో కరిగిపోతుంది, ఎక్కువ సేపు ఉడికిస్తే పాడవుతుంది. ఆకుకూర ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే సగం మేలు మోరీ పాలే.

నాలుగు టన్నులకు పిసరంత వస్తే లోకంలోని రోగులందరికీ ఎలా సరిపోతుంది? 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో చేరిన సుబ్బారావు ముందున్న ప్రశ్న అదే. ఆయన కింద పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ఆకుతో పని లేకుండా రసాయనాలతోనే తయారు చేసింది. తర్వాత కరీబియన్ దీవుల్లో స్ప్రూ రోగులకు ఇస్తే లేచి తిరిగారు. తమ్ముడిని, అన్నను తీసుకుపోయిన జబ్బుకు మందు దొరికింది, పాతికేళ్లు ఆలస్యంగా.

గర్భిణులకు దీని విలువ ఇంకా తర్వాత బయటపడింది. బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు. అందుకే డాక్టర్లు పెళ్లయి పిల్లలు కావాలనుకున్నప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకోమంటారు.

బోదకాలుకు ఇచ్చే డీఈసీ మాత్రలూ సుబ్బారావు బృందం నుంచే వచ్చాయి. ఫోలిక్ యాసిడ్‌ను కాస్త మార్చి చేసిన మందుతో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు చికిత్స చేశారు. జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గింది. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి ఇప్పటికీ రాస్తున్నారు.

ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అదే ఏడు ఆగస్టు 8న సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి చనిపోయారు. వయసు 53. ఓడెక్కిన తర్వాత ఆయన మళ్లీ ఇండియాకు రాలేదు. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. ఆ పిల్లాడిని ఆయన ఒక్కసారీ చూడలేదు.