తరిగొండ వేంగమాంబ: యోగసాధన, వార్ధక్యము

ఆంధ్రవాఙ్మయమున యోగవేదాంత గ్రంథములు రచించినవారు పెక్కురు కలరు. వారిలో తరిగొండ వేంగమాంబ స్థానము విశిష్టమైనది. యౌవనమున ద్విపదలో పొందుపఱచిన ఆత్మవిచారమును ఆమె వార్ధక్యము దనుక నిత్యకృత్యముగా నడపెను. ఆమె జీవితకాలము 1730–1817 అని పండితులు సాధారణముగా అంగీకరించుచున్నారు. ఎనుబదియేడేండ్ల ఈ జీవితము వృద్ధాప్యమునకు ధ్యానము ఎట్లు అండగా నిలుచునో తెలిసికొనుటకు తగిన ఉదాహరణము.

మదనపల్లెకు అనతిదూరమున ఉన్న తరిగొండ గ్రామమున కానాల కృష్ణయార్యుడు, మంగమాంబ అను దంపతులకు ఆమె జన్మించెను. బాల్యముననే ఇంజేటి వేంకటాచలపతితో వివాహమయ్యెను. అచిరకాలమున భర్త గతించెను. శ్రీ వేంకటేశ్వరునే పతిగా భావించిన వేంగమాంబ సుమంగళీచిహ్నములను విడువలేదు. అందుచే ఊరివారి నిందలకు గురియయ్యెను. మదనపల్లెవాసియైన రూపావతారము సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు ఉపదేశగురువు. తాను క్రమముగా విద్యాభ్యాసము చేసినదానను కానని ఆమె తన కృతులలో వినయముతో చెప్పుకొనెను. అయినను శతకము, ద్విపద, యక్షగానము, పద్యకావ్యము అను ప్రక్రియలన్నింటను రచనలు చేసెను.

తరిగొండలో ఉన్న కాలముననే రచించిన రాజయోగామృతసారమునకు భాగవత తృతీయస్కంధములోని కపిలదేవహూతి సంవాదము ఆధారము. ఈ వస్తుస్వీకారము గమనింపదగినది. కూతుండ్రందఱు అత్తవారిండ్లకు చేరిరి, కర్దముడు అడవికేగెను. సంసారభారము తీఱిన దేవహూతి కన్నకుమారుని ఎదుట శిష్యురాలయ్యెను. దేహేంద్రియమనస్సులనుండి ఆత్మను వేఱుగా గుర్తించుట, భగవద్రూపమును ఒక్కొక్క అవయవముగా ధ్యానించుట కపిలుడు ఆమెకు బోధించిన మార్గము. వయసు మళ్ళిన తల్లికి చెప్పబడిన ఈ విద్యను వేంగమాంబ చిన్ననాటనే చేపట్టెను. ముదిమి వచ్చిన పిమ్మట ధ్యానమునకు పూనుకొనవచ్చునను లోకాభిప్రాయమునకు ఆమె నడవడియే సమాధానము.

పిమ్మట ఆమె తిరుమల చేరి స్థిరపడెను. అచ్చటను ఇరుగుపొరుగు బాధలు తప్పలేదు. ఏకాంతమును గోరి తుంబురుకోనకు పోయి కొన్నేండ్లు తపస్సు చేసెననియు, ప్రతిరాత్రియు బిలమార్గమున స్వామి సన్నిధికి వచ్చుచుండెననియు ఐతిహ్యము. బిలకథను చరిత్రముగా గ్రహింప వీలులేదు. కాని ఏకాంతధ్యానము ఆమెను నిత్యసేవకు దూరము చేయలేదను భావమును ఆ కథ భద్రపఱచినది.

ఆమె కృతులలో అధికభాగము తిరుమలలోనే వెలసినవి. ద్విపదభాగవతము, వాసిష్ఠరామాయణము, వేంకటాచలమాహాత్మ్యము, అష్టాంగయోగసారము వానిలో ముఖ్యములు. పూర్వము మడికి సింగన పద్యకావ్యముగా తెనిగించిన వాసిష్ఠమును ఈమె ద్విపదలోనికి తెచ్చెను. పామరులు సయితము పాడుకొనుటకు అనువైనది ద్విపద. యోగవాసిష్ఠమూలమున చూడాలోపాఖ్యానము కలదు. యౌవనము జాఱిపోవుచున్నదని గుర్తించి చూడాల, శిఖిధ్వజుడు ఆత్మజ్ఞానమును అపేక్షించిరి. రాజు అడవిలో దేహమును శుష్కింపజేసికొనియు శాంతిని పొందడయ్యెను. రాణి రాజ్యభారము వహించుచునే జ్ఞానియయ్యెను. కర్మను విడువక ఆత్మను విచారించిన వేంగమాంబ జీవితము ఈ చూడాల మార్గమునకు సన్నిహితమైనది.

వయసు పైబడినకొలది దేహబలము తగ్గును. అయినవారు ఒక్కరొక్కరుగా తొలగుదురు. సంతానము లేని వేంగమాంబకు ఈ ఒంటరితనము చిన్ననాడే సంప్రాప్తమైనది. దానిని ఆమె ధ్యానమునకు అనుకూలమైన ఏకాంతముగా మార్చుకొనెను. వేళ తప్పని సేవ, విడువని గ్రంథరచన, తన మనస్సును తాను పరికించు అభ్యాసము ఆమెకు తోడైనవి. ఈ మూడింటిలో ఏదియు ముదిమిలో క్రొత్తగా సమకూర్చుకొన్నది కాదు.

తిరుమలలో ఆమె బృందావనము నేటికిని దర్శనీయము. అచ్చటి నిత్యాన్నదాన భవనమునకు 2011లో ఆమె పేరు పెట్టబడినది. రాత్రి ఏకాంతసేవలో అన్నమయ్య కీర్తనతోపాటు వేంగమాంబ పేర ముత్యాలహారతి సమర్పింపబడుచున్నది. దినాంతమున జరుగు ఆ సేవయే ఆమె సాధనకు చిరస్మారకము.